ముహూర్తం దాటిపోతోందని చదవకుండా సంతకాలు పెట్టేశాను, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది మదనపల్లి. తొమ్మిదేళ్లుగా బెంగళూరులో ఉద్యోగం, ఉండేది మారతహళ్లి. జనవరిలో మా ఇంటికి మొదటి కారు వచ్చింది. ఎక్స్‌షోరూం ధర 11 లక్షల 20 వేలు. షోరూంలో సేల్స్ అబ్బాయిది పుంగనూరట. "అన్నా, మన ఊరోళ్లని నేను మోసం చేస్తానా" అంటే అన్నీ అతనికే వదిలేశాను. బిల్లులో హ్యాండ్లింగ్ చార్జీ అని 8,500, టీసీఎస్ అని 11,200 వేశారు. ఇన్సూరెన్స్ బయట 38 వేలకు వస్తుంటే, తమ దగ్గరే 51 వేలకు తీసుకోవాలన్నారు, లేకపోతే డెలివరీ ఆలస్యమవుతుందన్నారు. డెలివరీ రోజు ముహూర్తం 9:40కి. టైమ్ అయిపోతోందన్న కంగారులో కాగితాలు చదవకుండానే సంతకాలు పెట్టాను. ఫ్రెష్ స్టాక్ అన్నారు, ఆర్‌సీ వచ్చాక చూస్తే కారు అంతకుముందు జూన్‌లో తయారైంది. మొదటి సర్వీసు ఫ్రీ అంటూనే 3,960 బిల్లు వేశారు. కారు తిరిగొచ్చేసరికి వెనక ఎడమ డోరు మీద గీత, మీటర్‌లో 38 కిలోమీటర్లు ఎక్కువ. ముందు చక్రం దగ్గర టక్ టక్ అని చప్పుడు వస్తోందని రెండుసార్లు తీసుకెళ్తే "నార్మల్ సార్, ఈ మోడల్‌లో అంతే" అంటున్నారు. ఇంత జరిగాక కూడా, ఆ అబ్బాయి బతిమాలాడని, కంపెనీ ఫీడ్‌బ్యాక్ కాల్‌లో అన్నిటికీ పదికి పది చెప్పాను. మా నాన్న "పోనీలేరా, కొత్త బండి మీద గొడవలెందుకు" అంటారు. నా భార్య కన్జ్యూమర్ కోర్టుకు వెళ్లమంటోంది. మా బావమరిదేమో అదే షోరూంలో బుక్ చేస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్ను పట్టుకుని, ఏది నిజంగా అన్యాయం, ఏది కాదు, ఏది అన్యాయమే అయినా ఇక వదిలేయాల్సింది అని పక్కన గీతలు గీసుకున్నాను. ఒక సంగతి ముందే చెప్పేస్తాను. నేను ఎనిమిదేళ్లు హోసూరు రోడ్డు మీద ఒక డీలర్ దగ్గర సర్వీస్ అడ్వైజర్‌గా పని చేశాను. "నార్మల్ సార్" అన్న మాట నా నోటి నుంచీ చాలాసార్లు వచ్చింది. కాబట్టి కింద రాసేదాంట్లో కొంత నా పాపపరిహారం కూడా ఉందనుకోండి.

ముందు టీసీఎస్ మీద మీ కోపం తగ్గించుకోండి. అది డీలర్ జేబులోకి పోయే డబ్బు కాదు. 10 లక్షలు దాటిన కారు అమ్మితే 1 శాతం వసూలు చేసి, కొన్నవాళ్ల పాన్ మీద ప్రభుత్వానికి కట్టాలని ఆదాయపు పన్ను చట్టమే చెబుతోంది. మీ పాన్ మీద జమైన పన్నుల లెక్క చూపే ఆదాయపు పన్ను శాఖ పత్రం 26ఏఎస్‌లో ఆ 11,200 కనబడాలి. రిటర్న్ వేసేటప్పుడు మీరు కట్టాల్సిన పన్నులోంచి అది తగ్గుతుంది, ఎక్కువైతే రిఫండ్ వస్తుంది. 26ఏఎస్‌లో కనబడకపోతే మాత్రం అప్పుడు అడగండి, గట్టిగా అడగండి. రోడ్ ట్యాక్స్ గురించి మీరు రాయలేదు కానీ, అది చూసి కూడా గుండె జారి ఉంటుంది. కర్ణాటకలో 10 నుంచి 20 లక్షల మధ్య కారుకు 17 శాతం, ఆ పన్ను మీద మళ్లీ 11 శాతం సెస్. దేశంలో ఎక్కువ పన్ను తీసుకునే రాష్ట్రాల్లో ఇదొకటి. ఇందులోనూ షోరూం వాళ్ల తప్పేమీ లేదు.

హ్యాండ్లింగ్ చార్జీ సంగతి వేరు. ఫ్యాక్టరీ నుంచి షోరూందాకా కారు తేవడం, కడగడం, స్టాక్‌యార్డులో ఉంచడం అమ్మేవాడి పని, అది ఎక్స్‌షోరూం ధరలోనే ఉంటుంది. విడిగా వసూలు చేయడానికి చట్టంలో ఆధారం లేదు. ఈ చార్జీ తీసుకోవద్దని కొన్ని రాష్ట్రాల రవాణా శాఖలు డీలర్లను హెచ్చరించాయి కూడా. మీ దగ్గర దానికి రసీదు ఉందంటే చాలా మంచిది. చాలామందికి ఈ డబ్బు "లాజిస్టిక్స్" అనో "ఎసెన్షియల్ కిట్" అనో పేరు మార్చుకుని వస్తుంది. బిల్లు మీద ఏ పేరుంటే ఆ పేరుతోనే అడగాలి.

ఇన్సూరెన్స్‌లో మీకు పోయిన 13 వేలు ఈ ఏడాదికి తిరిగి రావడం కష్టం. ఫలానా చోటే తీసుకోవాలని ఒత్తిడి చేసే హక్కు డీలర్‌కు లేదు, ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనలు ఆ ఎంపికను కొనేవాడికే వదిలాయి. అయితే పాలసీ నడుస్తోంది, రేపు ఏదైనా అయితే క్లెయిమ్ వస్తుంది. దాన్ని ఇప్పుడు రద్దు చేసుకుంటే మీకే నష్టం. కొత్త కారుకు థర్డ్ పార్టీ కవర్, అంటే ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఇచ్చేది, మూడేళ్లకు తీసుకోవాల్సిందే, 2018 సెప్టెంబరు నుంచి ఆ నియమం ఉంది. కానీ సొంత కారు నష్టానికి ఇచ్చే ఓన్ డ్యామేజ్ భాగం సాధారణంగా ఏడాదికే ఉంటుంది. మీ పాలసీ తీసి చూడండి, అలాగే ఉంటే వచ్చే జనవరికి ఆ భాగం ఎక్కడైనా కొనుక్కోవచ్చు. గడువుకు నెల ముందు షోరూం నుంచి ఫోన్లు మొదలవుతాయి. అప్పుడు గుర్తుపెట్టుకోండి.

డీలర్లు ఇన్సూరెన్స్ కోసం ఎందుకంత పట్టుబడతారో తెలిస్తే మీ బావమరిదికి పనికొస్తుంది. కారు అమ్మకంలో డీలర్‌కు మిగిలేది మనం అనుకునేంత ఉండదు, అందులోనూ సగం డిస్కౌంట్ కింద పోతుంది. అసలు సంపాదన ఇన్సూరెన్స్, లోను, యాక్సెసరీలు, ఎక్స్‌టెండెడ్ వారంటీ, ఆ తర్వాత ఏళ్ల తరబడి వచ్చే సర్వీసు. సేల్స్ అబ్బాయికి నెలకు ఇన్ని కార్లనే కాదు, ఇన్ని పాలసీలు, ఇన్ని లోన్లు అని కూడా టార్గెట్ ఉంటుంది. ఆ పుంగనూరు అబ్బాయి చెడ్డవాడని నేననుకోను. జీతం తక్కువ, ఇన్సెంటివ్ మీద బతుకు. అతనికి మీ మీద నిజంగానే అభిమానం ఉండొచ్చు. కానీ ఆ అభిమానంతో మీ కొటేషన్‌లో ఒక్క లైను మార్చే అధికారం అతనికి లేదు. మన ఊరివాడు, మన యాస అనగానే మనం చేసే మొదటి పని రాయించుకోవడం మానేయడం. బెంగళూరు షోరూముల్లో తెలుగు వచ్చినవాణ్ని తెలుగువాళ్ల దగ్గరకు పంపుతారు, తమిళం వచ్చినవాణ్ని తమిళుల దగ్గరకు. మేనేజరు ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో ఊరికే నిలబెట్టడు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న. డెలివరీ అయ్యాక అతను మీ ఫోను ఎత్తడం తగ్గించాడా లేదా చెప్పండి.

ఇక తయారీ నెల. జూన్ కారును జనవరిలో అమ్మడం దానికదే నేరమేమీ కాదు. డిసెంబరు దాటిన పాత ఏడాది స్టాకును డిస్కౌంటుతో అమ్మడం మామూలే, తెలిసి కొనేవాళ్లూ ఉన్నారు. వారంటీ మీకు అమ్మిన రోజు నుంచే మొదలవుతుంది, కాబట్టి ఆ ఏడు నెలలు వారంటీలో పోలేదు. పోయిందల్లా రేపు అమ్మేటప్పుడు వచ్చే ధర. కొనేవాడు ఆర్‌సీలో ఏడాది చూస్తాడు. మీ కేసులో తప్పు "ఫ్రెష్ స్టాక్" అన్న మాట. అది వాట్సాప్‌లో ఉందా? ఉంటే స్క్రీన్‌షాట్ తీసి మీ మెయిల్‌కు మీరే పంపుకోండి. నోటి మాటగానే అని ఉంటే వాళ్లు ఫారం 21 తీసి చూపిస్తారు. అమ్మకం సర్టిఫికెట్ అన్నమాట, అందులో తయారీ నెల, సంవత్సరం ఉంటాయి. ముహూర్తం తొందరలో మీరు సంతకాలు చేసిన కట్టలో అదీ ఉండే ఉంటుంది.

ఇలాంటి వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. గోవాలో ఒకాయన 2011లో కొత్త కారుకు డబ్బు కడితే, డీలర్ 2009లో తయారై అప్పటికే వందల కిలోమీటర్లు తిరిగిన కారు ఇచ్చాడు. 2021లో వచ్చిన తీర్పులో బాధ్యత డీలర్ మీద నిలిచింది. కంపెనీకి ఆ సంగతి తెలుసని రుజువు చేయనందున కంపెనీని తప్పించారు. కంపెనీ డీలర్‌కు టోకున అమ్ముతుంది, డీలర్ మీకు అమ్ముతాడు, చట్టం కళ్లకు ఇద్దరూ వేర్వేరు వ్యాపారులు. అందుకే మీరు రాసే ప్రతి మెయిల్ డీలర్‌కు, కంపెనీ కస్టమర్ కేర్‌కు కలిపి పంపండి. "మాకు తెలియదు" అనే వీలు ఇద్దరికీ ఉండకూడదు.

సర్వీసు బిల్లు దగ్గరకు వద్దాం, ఇది నా పాత ఇల్లు. ఫ్రీ సర్వీసు అంటే కూలి ఫ్రీ. ఆయిల్, ఫిల్టర్ లాంటివి వేస్తే వాటికి డబ్బు తీసుకుంటారు. అందులో మోసం లేదు. మీరు పంపిన బిల్లులో నాకు కనబడినవి ఏసీ డిసిన్ఫెక్షన్, ఇంటీరియర్ క్లీనింగ్, ఇంధనంలో కలిపే క్లీనర్, ఎలుకల మందు స్ప్రే. వెయ్యి కిలోమీటర్లు తిరిగిన కారులో ఏసీకి పట్టిన రోగమేమిటి? ఇంజెక్టర్లకు పట్టిన మసి ఏమిటి? కారుతో ఇచ్చిన మాన్యువల్ వెనక పేజీల్లో ఏ కిలోమీటరుకు ఏం చేయాలో పట్టిక ఉంటుంది. అందులో లేని పని చేయించకపోయినా వారంటీకి ఏమీ కాదు. ఎలుకల మందు మాత్రం బేస్‌మెంట్ పార్కింగ్ ఉన్నవాళ్లకు నేను వద్దనను, వైర్లు కొరికిన కార్లు చాలా చూశాను. మిగతావి అడ్వైజర్ టార్గెట్ కోసం పడినవి. ఉదయం ఎనిమిదిన్నరకు, ఆఫీసు క్యాబ్ టైమ్ అవుతోందని మీరు వాచీ చూసుకుంటుంటే, "జనరల్ చెకప్ ప్యాకేజ్ సార్" అని, చేయాల్సిన పనులు రాసుకునే జాబ్ కార్డు మీద సంతకం తీసుకుంటారు. నేనూ అలాగే తీసుకునేవాణ్ని. తొందరలో ఉన్నవాడే మాకు మంచి కస్టమర్.

డోరు మీద గీత గురించి మీరు ఇప్పటికి ఒకే పని చేయాలి. కారు అప్పగించిన రోజు జాబ్ కార్డు తీయండి. అందులో కారు బొమ్మ ఉంటుంది, పాత గీతలు, సొట్టలు ఉంటే దాని మీద గుర్తు పెడతారు. ఎడమ డోరు మీద ఏ గుర్తూ లేకపోతే ఆ గీత వర్క్‌షాపులో పడిందే, బాగుచేయాల్సింది వాళ్ల ఖర్చుతోనే. జాగ్రత్త, వాళ్లు చాలా తీయగా "ఇన్సూరెన్స్‌లో చేయిస్తాం సార్, మీకేం ఖర్చు కాదు" అంటారు. ఒప్పుకోకండి. ఆ క్లెయిమ్ మీ పేరు మీద పడుతుంది, క్లెయిమ్ లేనందుకు వచ్చే ఏడాది ప్రీమియంలో దొరికే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, పోతుంది. ఆ 38 కిలోమీటర్లకు కూడా లెక్క రాతపూర్వకంగా అడగండి. టెస్ట్ డ్రైవ్‌కు నాలుగైదు కిలోమీటర్లు చాలు. ఒక్కోసారి పెయింటింగ్ షెడ్డు వేరే చోట ఉంటే కారు అక్కడికి వెళ్లొస్తుంది, అలాంటిదేమైనా ఉంటే చెబుతారు. లేకపోతే ఎవరో మీ కారేసుకుని భోజనానికి వెళ్లారన్నమాట.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ చప్పుడు. డబ్బు పోతే పోయింది, చప్పుడు వచ్చే కారుతో ఏళ్ల తరబడి ఉండాల్సింది మీరు. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగేటప్పుడు వచ్చే టక్ టక్‌కు మామూలుగా సస్పెన్షన్‌లో ఉండే స్టెబిలైజర్ లింకు, స్ట్రట్ మౌంటు, ఎక్కడో బిగించని బోల్టు లాంటివి కారణం. ఏదైనా సరే, వారంటీలో ఉచితంగా సరిచేయాల్సినవే. మరి "నార్మల్" అని ఎందుకంటారు? వారంటీలో పార్టు మార్చాలంటే కంపెనీకి కారణం చూపించాలి, పాత పార్టు పంపాలి, ఆ పనికి వచ్చే కూలి తక్కువ. పైగా వర్క్‌షాపులో అందరూ పన్నెండు గంటలప్పుడు, ఇంజన్ వేడెక్కాక, నున్నటి రోడ్డు మీద నడిపి చూస్తారు. చప్పుడు రాదు. "సమస్య కనబడలేదు" అని రాసి పంపేస్తారు.

ఈసారి ఇలా చేయండి. చప్పుడు వచ్చేటప్పుడు పక్క సీటులో ఎవరినైనా కూర్చోబెట్టి వీడియో తీయించండి, మీటర్ కనబడేలా. వర్తూరు రోడ్డు మీద ఒక్కసారి వెళ్లొస్తే చాలు, ఆ రోడ్డు ఇన్నాళ్లకు ఒక మేలు చేసినట్టవుతుంది. కారును ముందు రోజు సాయంత్రమే వదిలి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు నడిపి చూడమని రాయించండి. మెకానిక్‌తో పాటు మీరూ కారులో వెళ్లండి. తర్వాత అదే మోడల్ డెమో కారు అడిగి అదే రోడ్డు మీద నడపండి. ఆ కారులో చప్పుడు రాకపోతే "ఈ మోడల్‌లో అంతే" అన్న మాట అక్కడే ఆగిపోతుంది. జాబ్ కార్డులో మీ ఫిర్యాదు మీ మాటల్లోనే రాయాలి: "20 వేగంలో స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ముందు ఎడమవైపు చప్పుడు, ఇది మూడోసారి." చప్పుడు తగ్గకుండా కారు తిరిగిస్తే తీసుకునే కాగితం మీద "సమస్య అలాగే ఉంది" అని రాసి సంతకం పెట్టండి. ఒకే ఫిర్యాదుతో మూడు జాబ్ కార్డులు మీ దగ్గరుంటే, ఏ వినియోగదారుల కమిషన్ ముందైనా అవే మీ సాక్షులు. ఇంకొకటి, కంపెనీ ఏరియా సర్వీస్ మేనేజరు అప్పుడప్పుడూ డీలర్ దగ్గరకు వస్తుంటాడు. ఆయన వచ్చే రోజుకు అపాయింట్‌మెంట్ అడగండి. వర్క్‌షాపులో ఆయన ముందు ఎవరూ "నార్మల్" అనరు.

కన్జ్యూమర్ కోర్టు విషయంలో మీ నాన్నగారిదీ, మీ ఆవిడదీ ఇద్దరిదీ కొంత నిజమే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు కాబట్టి జిల్లా కమిషనే సరిపోతుంది. 10 నుంచి 20 లక్షల మధ్య అయితే ఫీజు 400 రూపాయలు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు, అంటే తొందరపడాల్సిన పని లేదు. కానీ కారే మార్చి ఇవ్వాలని అడిగితే తయారీలోనే లోపం ఉందని నిపుణుల చేత రుజువు చేయాలి. అది ఈ చప్పుడుతో అయ్యే పని కాదు. వాయిదాలు నెలల తరబడి సాగుతాయి, ప్రతిసారీ సెలవు పెట్టాలి. కోర్టును ఆఖరున ఉంచుకోండి.

ముందు ఒక మెయిల్ రాయండి, ఇంగ్లీషులోనే. డీలర్ జనరల్ మేనేజరుకు, కంపెనీకి కలిపి. కోపం, వెటకారం వద్దు. తేదీలు, మొత్తాలు, జతచేసిన కాగితాలు, చివర మీకేం కావాలో. హ్యాండ్లింగ్ చార్జీ వాపసు, గీత వాళ్ల ఖర్చుతో సరిచేయడం, చప్పుడు వారంటీలో తీర్చడం, తయారీ నెల దాచినందుకు పరిహారం. పదిహేను రోజులు గడువు ఇవ్వండి. లోపలి సంగతి చెబుతాను. డీలర్ నగదు వెనక్కివ్వడానికి గింజుకుంటాడు, పని రూపంలో ఇవ్వడానికి అంత గింజుకోడు. ఏడాది ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉచితంగా ఇస్తామనో, వచ్చే సర్వీసు పూర్తిగా ఫ్రీ అనో దిగొస్తారు. తయారీ నెల విషయంలో అలాంటిది వస్తే ఒప్పుకోవచ్చని నా అభిప్రాయం, రాతలో ఉంటే. మెయిల్‌కు జవాబు లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఆ ఫిర్యాదు కంపెనీకి వెళ్తుంది, చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి. అప్పటికీ కదలకపోతే మీ ఆవిడ మాట వినండి.

పదికి పది ఇచ్చానని సిగ్గుపడకండి. ఆ కాల్‌లో తొమ్మిది చెప్పినా కుర్రవాడి ఇన్సెంటివ్‌కు కోత పడే చోట్లున్నాయి, అందుకే అలా బతిమాలతారు. ఆ మార్కుతో మీ హక్కు పోదు. అదే మెయిల్‌లో ఒక్క వాక్యం రాయండి: సిబ్బంది కోరినందున ఆ మార్కులు ఇచ్చాను, నా అనుభవం పైన రాసినట్టుగా ఉంది, అని. ఈ ఒక్క వాక్యం కంపెనీ దగ్గర మిగతా మెయిల్ కన్నా ఎక్కువ పని చేస్తుంది.

ఇక మీ బావమరిది. అదే షోరూంకు వెళ్లినా ఫర్వాలేదు, పక్క షోరూం వాళ్లేమీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. అదే కంపెనీ డీలర్లు ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకోమనండి, లైను లైనుగా, సంతకంతో. బుకింగ్ డబ్బు సేల్స్ అబ్బాయి ఫోన్‌పే నంబరుకు ఎట్టి పరిస్థితుల్లో వేయొద్దు, డీలర్ సంస్థ ఖాతాకే వేయాలి. బుకింగ్ ఫారం మీద మోడల్, రంగు, డిస్కౌంటుతో పాటు "తయారీ నెల ఫలానా తర్వాత" అని రాయించాలి. క్యాన్సిల్ చేస్తే ఎంత వెనక్కిస్తారో అదీ రాయించాలి. "స్వల్ప అడ్జస్ట్ మాడి సార్" (కొంచెం సర్దుకోండి సార్) అని కన్నడంలో అంటే నవ్వి, రాసిన తర్వాత అడ్జస్ట్ అవుతాననాలి.

అసలు మెలిక ముహూర్తంలోనే ఉంది. 2019లో మోటారు వాహన చట్టం సవరించాక కొత్త కారును నంబరు లేకుండా డెలివరీ ఇవ్వకూడదు. అంటే మీరు పూజకు వచ్చే రోజుకు కారు మీ పేరు మీద రిజిస్టర్ అయిపోయి ఉంటుంది. అప్పుడు లోపం కనబడినా ఆ కారు మీదే. పరీక్ష చేయాల్సింది రిజిస్ట్రేషన్‌కు ముందు, మిగతా డబ్బు కట్టకముందు. ఊరి బయట స్టాక్‌యార్డుకే వెళ్లాలి, పగటి వెలుతురులో. నీళ్లు పోసి కడిగిన తడి కారు మీద గీతలు కనబడవు, ఆరేదాకా ఆగాలి. చాసిస్ నంబరు ఫొటో తీసుకుని తర్వాత బిల్లుతో సరిచూడాలి. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది, 2625 అంటే 2025లో 26వ వారం. అయిదు టైర్లూ చూడాలి. మీటర్, ఏసీ, అద్దాలు, స్టెప్నీ, జాకీ, రెండో తాళం చెవి. గంట పని.

ఆ తర్వాత ముహూర్తం పెట్టుకోమనండి, నిమ్మకాయలు తొక్కించమనండి, బట్ట లాగి ఫొటోలు దిగమనండి. కేకు కోసి, పెద్ద అట్ట తాళం చేతికిచ్చి, గంట కొట్టిస్తారు. అన్నీ బాగుంటాయి. సంతకాలు మాత్రం ముందు రోజే అయిపోవాలి, కాగితాలు ముందు రోజే వాట్సాప్‌లో తెప్పించుకుని చదవాలి. డెలివరీ రోజు పంతులుగారు తొందర పెడితే ఫర్వాలేదు, క్యాషియర్ తొందర పెట్టకూడదు.

ఆ పుంగనూరు అబ్బాయికి ఫోన్ చేయాలా అని మీరు అడగలేదు కానీ, చేయండి. మెయిల్ పంపే ముందు రోజు చేసి, రేపు ఇలా రాస్తున్నాను, నీ పేరు రాయడం లేదు అని చెప్పండి. నాకు తెలిసి, సాయంత్రానికల్లా అతని మేనేజరే మీకు ఫోన్ చేస్తాడు.